మిర్చి సేటు ఇంట్లో సముద్రం

నా మొదటి ఉద్యోగానికి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేసి, లెక్చరర్ పోస్టులకు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిన రోజుల్లో, వరంగల్ మట్టెవాడలోని ఒక మిర్చి వ్యాపారి తన ఇంట్లో ఉన్న సముద్రాన్ని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. మా ఆయన దాన్ని ‘ప్రైవేటు ఉద్యోగం’ అనేవారు. మా అత్తగారు చుట్టాలతో ‘బడిలో పంతులమ్మ’ అని చెప్పేవారు. సేటు ఇంట్లో వాళ్లు మాత్రం ‘చేపల టీచరమ్మ’ అనేవాళ్లు, నేను చేపలకు అక్షరాలు దిద్దిస్తున్నట్టు.

మా కాలేజీ సంచికకు పాత విద్యార్థినులు తమ ఉద్యోగాల గురించి రాయాలని అడిగారు. నాతో చదివినవాళ్లలో ఒకరు బ్యాంకు గురించి రాస్తారు, ఒకరు ఆస్పత్రి గురించి రాస్తారు. నాకు రాసుకోవడానికి ఉన్నది ఆ సముద్రం ఒక్కటే. పెద్దవాడు పుట్టాక నేను మళ్లీ ఉద్యోగం చేయలేదు. పిల్లలిద్దరూ పడుకున్నాక, చిన్నది లేచి ఏడ్చేలోపు రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా అతుకులు కనిపిస్తే చెల్లెళ్లు సర్దుకోవాలి.

వరంగల్ నుంచి ఎటు పోయినా సముద్రం ఒక రాత్రి ప్రయాణం. అయినా సేటుకు సముద్రం కావలసి వచ్చింది. వ్యాపారం మీద బొంబాయి పోయినప్పుడు అక్కడొక మసాలాల వ్యాపారి ఇంట్లో గోడంత గాజు తొట్టి, అందులో రంగురంగుల చేపలు, కదిలే రాళ్లు చూసి వచ్చాడు. నన్ను పిలిపించిన రోజు ఆయన మొదటి మాట ఇది:

“వాని ఇంట్ల సముద్రం ఉన్నదమ్మా. మన ఇంట్ల ఏమున్నది? బోరింగు.”

నేను సముద్రాన్ని ఎమ్మెస్సీ టూరులో ఒక్కసారే చూశానని, అందులోనూ సగం రోజులు తిన్నది పడక పడుకునే ఉన్నానని ముందే చెప్పాను.

“మేం గదిగూడ చూడలే. మీరే నయం,” అన్నాడు.

మిర్చి మార్కెట్లో బేరం నోటితో చేయరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని కుదుర్చుకుంటారు. జీతం మాట రాగానే ఆయన అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని నా వైపు చాచాడు. ఎదుట ఉన్నది ఆడమనిషి అని గుర్తొచ్చి, అదే తువ్వాలతో మొహం తుడుచుకుని, “మీరే ఏదో ఒకటి చెప్పుండ్రి” అన్నాడు. నోటితో బేరం ఆడటం ఆయనకు రాదు, నాకూ రాదు. చివరికి ఎవరు ఎంత అన్నామో కానీ ఇద్దరం నష్టపోయినట్టే మొహాలు పెట్టుకుని లేచాం.

ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచి ఉండే వాకిలి, చుట్టూ వరండా. పొద్దుటి ఎండ పడే మూలన ఇనుప చట్రంలో మందపాటి అద్దాలు బిగించి డబుల్ కాట్ మంచమంత తొట్టి కట్టించారు. చిన్న కరెంటు మోటరు గాలి ఊదుతుంటే బుడగలు లేచి నీళ్లను కదుపుతాయి. కరెంటు పోతే లారీ ట్యూబు దిక్కు. నిండా గాలి కొట్టిన ట్యూబుకు సన్న పైపు తగిలించి తొట్టిలోకి వదిలేవాళ్లం. మద్రాసుకు ఇంకా దిగువనున్న తీరం నుంచి చేపలు, పగడపు రాళ్లు లోపల ప్లాస్టిక్ సంచి వేసిన పాల క్యాన్లలో రైలెక్కి వచ్చేవి. ఇక నీళ్లు: సేటు లారీ మిర్చి బస్తాలతో కోస్తాకు పోయి, ఖాళీగా రాకుండా సముద్రపు నీళ్లతో తిరిగి వచ్చేది. లోహం తగిలితే చేపలకు ప్రమాదమని చెబితే, సేటు ఆవకాయ పెట్టే పెద్ద పింగాణీ జాడీలు కొన్నాడు. చెక్‌పోస్టులో “ఏం సరుకు?” అని అడిగితే డ్రైవరు “సముద్రం” అనేవాడు. జాడీ మూత తీయించి, వాసన చూసి, ఏ పచ్చడో తేలక వదిలేసేవాళ్లు.

పగడాల విషయంలో సేటుకు నా మీద చాలాకాలం అనుమానం ఉండేది. పగడం అంటే ఉంగరంలో ఎర్రగా మెరిసేది. నేను తెప్పించినవి గోధుమ రంగు రాళ్లు, వాటి మీద గుండీలంత చిన్నచిన్న నోళ్లు, నోటి చుట్టూ వెంట్రుకల్లాంటి చేతులు. అవి రాళ్లు కావు, ఒక్కొక్క నోరూ ఒక ప్రాణి అని ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వారం తర్వాత మెల్లగా అడిగాడు:

“టీచరమ్మా, ఇది పండితె ఎర్రగైతదా?”

“ఇది పండేది కాదండి.”

“ఎండబెడితె?”

మనుషుల వేళ్లు ఇంకో బాధ. నర్సంపేట వైపు నుంచి మిర్చి తెచ్చిన రైతులు సరుకు అమ్ముకున్నాక సముద్రం చూడటానికి ఇంటికి వచ్చేవాళ్లు. చూసి ఊరుకోరు. నిజంగా సముద్రమేనా అని వేలు ముంచి నాకి చూసేవాళ్లు. సరుకును చేతితో తీసి చూడకుండా ఎవరూ నమ్మని ఊరు అది. ఆ వేళ్లకు పొద్దుటి నుంచి పట్టిన మిర్చి ఘాటు ఉంటుంది. ఒక సంత రోజు తర్వాత తొట్టిలోని సముద్రపు పువ్వు (పువ్వులా విచ్చుకునే జంతువు అది) ముడుచుకుని రెండు రోజులు తెరుచుకోలేదు. అప్పటి నుంచి తొట్టి పక్కన ఒక గ్లాసులో సముద్రపు నీళ్లు పోసి పెట్టాను. రుచి చూడాలనుకున్నవాళ్లు అందులో వేలు పెట్టాలి. జనం ఆ గ్లాసును బుద్ధిగా రుచి చూసి, తొట్టిలో నీళ్లూ అవేనా అని మళ్లీ తొట్టిలో వేలు పెట్టేవాళ్లు.

సేటు తల్లిని అందరూ అవ్వ అనేవాళ్లు. ఆ ఇంట్లో ఉల్లిగడ్డ కూడా వంటింటి గడప దాటదు. చేపలు ఇంట్లో ఉండటానికి ఆమె ఒప్పుకున్నది, మత్స్యావతారం ఉంది కనుక. ఆ చేపలు ఎండురొయ్యల పొడి తింటాయి. డబ్బా మీద ‘చేపల మందు’ అని చీటీ అంటించి తెచ్చేదాన్ని.

“దినాం మందు పోస్తానవ్, వాటికేం రోగం బిడ్డా?” అని అడిగేది అవ్వ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

“ఆకలి అవ్వా.”

“గా రోగం మా ఇంట్ల అందరికున్నది,” అని లోపలికి పోయేది. ఆమెకు అంతా తెలుసు.

నాకు సాయంగా మార్కెట్ నుంచి ఒక హమాలీని ఇచ్చారు. నడివయసు మనిషి, ఎంత బరువైనా మోస్తాడు, ఏది చెప్పినా “ఫికర్ చెయ్యకుండ్రి” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఫికర్ మొదలయ్యేది. “పత్తి గోదాముల చేసిన, మిర్చి యార్డుల చేసిన. సముద్రంల చేసుడు గిదే మొదలు,” అని వచ్చినవాళ్లకు చెప్పుకునేవాడు.

ఇలా దాదాపు రెండేళ్లు గడిచాయి. ఎండాకాలం తడి గోనెలు కప్పి, ఐసుగడ్డలు గాజుసీసాల్లో పెట్టి తేలేసి, ఎన్ని చచ్చినా ఎన్ని బతికించినా, ఆ వాకిలి మూలన ఒక చిన్న సముద్రం నిలదొక్కుకుంది. నారింజ రంగు మీద తెల్లపట్టీల జంట చేపలను ఇంటివాళ్లు పెండ్లికొడుకు, పెండ్లిబిడ్డ అనేవాళ్లు. అవి సముద్రపు పువ్వులోనే కాపురం ఉండేవి. పగడాలు పిల్లలు వేశాయి. గోరంత కొత్త పగడం రాయి అంచున కనిపించిన రోజు నేను సేటుకు చూపిస్తే, ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “ఎర్రగైతె లేదు,” అన్నాడు.

అప్పుడు సూర్యగ్రహణం వచ్చింది. మామూలు గ్రహణం కాదు, మధ్యాహ్నం వేళ చీకటి పడేంత గ్రహణం. రేడియో, పేపర్లు చెబుతూనే ఉన్నాయి. వీధులన్నీ ఖాళీ అవుతాయని, బస్సులు తిరగవని అనుకున్నారు. నాకు ఐదో నెల.

కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణంలో కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందని మా అత్తగారు నెల ముందు నుంచే చెబుతున్నారు. నేను ఇంట్లోనే ఉంటానని సేటుకు కబురు పంపాను. సేటు స్వయంగా రిక్షా వేసుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

“గ్రహణంల మా ఇంట్ల ఎవ్వలు బయటికి రారమ్మా. సముద్రాన్ని ఎవ్వలు చూస్తరు?” అని మా అత్తగారిని అడిగాడు. “పొద్దుగాల్నే తోల్కపోత. మా అమ్మ దగ్గర పండుకోబెడ్త. మా అమ్మ కంటె పట్టింపు ఎవ్వలకున్నది చెప్పుండ్రి?”

అవ్వ పేరు చెప్పేసరికి మా అత్తగారు మెత్తబడ్డారు. నన్ను ఆమెకు అప్పగించారు, పాల క్యాన్లో చేపను అప్పగించినట్టు.

ఆ రోజు పొద్దున్నే ఇల్లంతా దర్భలమయం. ఉప్పు మీద దర్భ, నెయ్యి మీద దర్భ, పచ్చళ్ల మీద దర్భ. చీకటి కొట్టులో వరసగా ఉన్న మా సముద్రపు నీళ్ల జాడీల మీద కూడా అవ్వ తలా ఒక దర్భ పెట్టింది. జాడీ అంటే పచ్చడే కదా అని చేయి ఆగలేదట. తొట్టి సంగతి వేరే. గ్రహణపు నీడ నీళ్లలో పడకూడదని, మీద ఏదైనా కప్పాలని అన్నది. దుప్పటి కప్పితే తప్పులేదన్నాను నేను. హమాలీకి ఆ పని చెప్పి, అవ్వ నన్ను పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి, కిటికీకి నల్ల గొంగడి కట్టింది.

“నిటారుగ పండుకో. కాళ్లు ముడవద్దు. చెయ్యి మీద చెయ్యెయ్యద్దు. గోక్కుంటె బిడ్డకు మచ్చైతది.”

“దోమ కుడితే?”

“కుట్టనియ్యి.”

గడపలో పీట వేసుకుని జపమాల తిప్పుతూ కూర్చుంది. సేటు, ఇంటివాళ్లు వేరే గదిలో తలుపేసుకున్నారు. హమాలీ వాకిలి అవతల కొట్టుగదిలో ఉన్నాడు. వీధిలో చప్పుడు లేదు. తొట్టిలో గాలి బుడగల శబ్దం మాత్రం గోడవతలి నుంచి వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపు నాకు ధైర్యం.

గ్రహణం పట్టింది. కొంతసేపటికి నాకు తుమ్ము వచ్చింది. తర్వాత అవ్వకు వచ్చింది. అవతల కొట్టుగదిలో హమాలీ వరసగా తుమ్మాడు. మిర్చి వ్యాపారి ఇంట్లో తుమ్ము కొత్త కాదు కానీ, అవ్వకు జపం తప్పింది.

“గ్రహణంల కడుపుతోని తుమ్ముతె…” అని ఆగింది.

“ఏమవుతుందవ్వా?”

“ఏమో బిడ్డా. మా అత్త చెప్పలే. ఆమె ఎన్నడు తుమ్మలే.”

ఘాటు పెరుగుతోంది. ముక్కు మండుతోంది. అనుమానం వచ్చి, పడుకునే గొంతెత్తి హమాలీని పిలిచాను. “తొట్టి మీద ఏం కప్పావు?”

“బస్తాలమ్మా! దుప్పట్లన్ని కిటికీలకు కట్టిండ్రు గద. గోదాములకెళ్లి బస్తాలు తెచ్చి మంచిగ దులిపి కప్పిన. ఫికర్ చెయ్యకుండ్రి!”

“ఎక్కడ దులిపావు?”

రెండు తుమ్ముల తర్వాత జవాబు వచ్చింది. “ఆడనే, తొట్టి కాడ.”

మిర్చి బస్తాలు. సీజన్ అంతా మిర్చి మోసిన బస్తాలు. జల్లెడలో పిండి జల్లించినట్టు ఆ దుమ్మంతా నీళ్ల మీద పడుతూ ఉంటుంది. ఒక వేలికి అంటిన ఘాటుకే ముడుచుకున్న ప్రాణులు అవి. ఇప్పుడే బస్తాలు లాగి, పైనున్న దుమ్ము తీసి, జాడీల్లోని కొత్త నీళ్లు పోస్తే బతుకుతాయి. గ్రహణం విడిచేదాకా ఆగితే రెండేళ్లుగా పెంచినదేదీ మిగలదు.

ఎంబ్రియాలజీలో నాకు మంచి మార్కులు వచ్చాయి. బిడ్డ పై పెదవి మూడో నెల రాకముందే అతుక్కుపోతుందని నాకు తెలుసు. బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పరీక్షలో రాశాను. ఐదో నెలలో ఏ సూర్యుడూ ఏ చంద్రుడూ దాన్ని విడదీయలేడు. ఇదంతా నేను ఆ మంచం మీద నిటారుగా పడుకుని, చేతులు రెండు పక్కలా చాపుకుని, ముక్కు మండుతున్నా గోక్కోకుండా ఆలోచించాను.

అక్కడ బుడగల శబ్దంలో తేడా వచ్చింది. ఏదో చేప పైకెగిరి అద్దానికి తగిలిన చప్పుడు. మళ్లీ ఇంకోసారి.

లేచాను.

“యాడికి?” అంది అవ్వ.

“చచ్చిపోతున్నాయవ్వా.”

“నీ కడుపుల ఉన్నది చేప కాదు, బిడ్డ!”

“నాకు తెలుసు,” అన్నాను. చాలా ధైర్యంగా అన్నాను. “ఇందులో ఏమీ లేదవ్వా, నేను చదువుకున్నాను.” అని గడప దాటాను.

అవ్వ నన్ను పట్టుకోలేదు. కిటికీకి కట్టిన నల్ల గొంగడి ఒక్క గుంజు గుంజి, దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నా వెనకాల పరిగెత్తుకొచ్చింది. జీవితంలో గ్రహణాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషి, ఆకాశం కింద వాకిట్లోకి వచ్చింది. నేను ఎటు జరిగితే అటు నా నెత్తి మీద గొంగడి పట్టుకుని జరిగింది. ఆమె నాకంటే పొట్టి. గొంగడి ఎప్పుడూ నా మొహం మీదే పడేది.

“హమాలీ! బస్తాలు తియ్యి!”

అతను కళ్లు గట్టిగా మూసుకుని వచ్చాడు, సూర్యుణ్ణి చూడకూడదని. మూసుకున్న కళ్లతోనే బస్తాలు లాగాడు. సగం దుమ్ము మా మీద, సగం నీళ్ల మీద.

“దులపకు! దులపకు!”

“దులపుత లేనమ్మా, తుమ్ముతాన!”

లోపలి నుంచి సేటు గొంతు. “అమ్మా! ఏం నడుస్తాంది?”

“ఏం లేదురా! నువ్వు బయటికి రాకు! గ్రహణం!” అని అరిచింది అవ్వ, గ్రహణం కింద నిలబడి.

నీళ్ల మీద ఎర్రగా పొర కట్టింది. సేటు ఇన్నాళ్లూ అడిగిన ఎరుపు వచ్చింది. పైన తేలే దుమ్ము తీయాలంటే నీళ్ల మీద పలచటి బట్ట పరిచి, దానికి అంటించి ఎత్తాలి. కానీ సబ్బు తగిలిన బట్ట తొట్టిలో పెడితే మిర్చి కంటే ముందు సబ్బే చంపుతుంది. ఇంటి దుప్పట్లకు సబ్బు, చీరలకు గంజి, సేటు పంచెలకు నీలిమందు. చుట్టూ చూశాను. వరండాలో ఎవరికీ అందనంత ఎత్తున, కర్రతో వేసి కర్రతో తీసే దండెం మీద అవ్వ మడిచీర ఆరేసి ఉంది. గ్రహణం విడిచాక తలస్నానం చేసి కట్టుకోవడానికి. మడిబట్ట బావినీళ్లలో జాడించి ఆరేసేదే తప్ప దానికి సబ్బు తగలదు. ఆ ఇంట్లో సముద్రానికి పనికొచ్చే బట్ట అదొక్కటే.

నేను దాని వైపు చూడటం అవ్వ చూసింది.

“అది మడిబట్ట,” అన్నది.

“అందుకే అవ్వా.”

కర్ర కోసం ఆగకుండా స్టూలు ఎక్కాను. ఐదో నెల, గ్రహణం, స్టూలు. వెనక నుంచి “దిగు బిడ్డా, దిగు బిడ్డా” అంటూనే, గొంగడి మాత్రం దించకుండా, స్టూలు కోళ్లను కాళ్లతో అదిమిపట్టి నిలబడింది అవ్వ.

చీర పరిచాం. నేను ఒక కొస, హమాలీ ఒక కొస. అతను ఒక కన్ను తెరిచాడు, ఒక కన్నుకు దోషం తక్కువని. పరిచి, ఎత్తి, పక్కనున్న గంగాళంలో పిండి, మళ్లీ పరిచాం. ఇలా చేస్తుండగానే చీకటి పడింది. కాకులు అరుస్తూ గూళ్లకు పోయాయి. తొట్టిలో చేపలు గాభరా మాని ఒక్కొక్కటే రాళ్ల సందుల్లో దూరాయి. రాత్రయిందనుకున్నాయి. పెండ్లికొడుకు, పెండ్లిబిడ్డ ముడుచుకుపోయిన పువ్వు పక్కన ఇసుక మీద పడుకున్నాయి. మేం ముగ్గురం తడిచేతులతో, ఎర్రటి కళ్లతో నిలబడ్డాం. అవ్వ గొంగడి పక్కకు తొలగించి పైకి చూడబోయి, మళ్లీ నా నెత్తి మీద సర్దింది.

వెలుతురు తిరిగి వచ్చాక తొట్టిలో మూడోవంతు నీళ్లు పైపుతో గంగాళాల్లోకి తోడి, జాడీలు తెప్పించి కొత్త నీళ్లు పోయబోతున్నాం. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. సేటు వచ్చాడు. వెనకే, గ్రహణ దానాలు తీసుకోవడానికి పంతులు వచ్చాడు. పంతులు తొట్టిని చూసి ఆగాడు.

“గ్రహణం పట్టిన నిలవనీళ్లు ఇంట్ల ఉండద్దు గద సేటూ. కుండలన్ని పారబోస్తరు. మరి ఇదో?”

“ఇది నిలవనీళ్లు కాదయ్యా. సముద్రం,” అన్నాడు సేటు, కొంచెం నొచ్చుకుని.

పంతులు ఆలోచించాడు. “సముద్రమైతె మైల లేదు. అయితె గ్రహణం విడిచినంక సముద్రస్నానం చెయ్యాలె. నిలవనీళ్లయితె మొత్తం పారబొయ్యాలె. రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి.”

నీళ్లన్నీ పారబోసినా చస్తాయి, అందులో పంతులు మునిగినా చస్తాయి. గబగబా గంగాళాలు చూపించాను.

“అయ్యగారూ, ఇది సముద్రమే. ఇప్పుడే తీశాం. స్నానానికే తీశాం. కానీ ఇందులో మిర్చి…”

“మిర్చి మనకు కొత్తనా టీచరమ్మా,” అని సేటు గంగాళం వైపు నడిచాడు.

“మరి జాడీల నీళ్లు? అవి నిలవనే గద?” అని పంతులు మళ్లీ అడ్డుపడ్డాడు. అవ్వ ముందుకు వచ్చింది.

“జాడీ మీద దర్భ పెట్టిన. పచ్చడి లెక్క.”

పచ్చడి లెక్కకు శాస్త్రంలో అభ్యంతరం దొరకలేదు. కొత్త నీళ్లు తొట్టిలో పడ్డాయి. పాత నీళ్ల కబురు పది నిమిషాల్లో వీధంతా పాకింది. మట్టెవాడలో గ్రహణానికి సముద్రస్నానం ఎవరికి దొరుకుతుంది? చెంబులతో, బిందెలతో వచ్చారు. నేను మిర్చి అని చెబుతూనే ఉన్నాను. పుణ్యానికి వచ్చినవాళ్లకు జువాలజీ మాట ఎవరికి వినిపిస్తుంది? పంతులు సంకల్పం చెప్పుకుని మొదటి చెంబు నెత్తిన పోసుకున్నాడు. మా మడిచీర పిండిన గంగాళం అది.

వెనకే అందరూ పోసుకున్నారు. తర్వాత ఒకాయన వీపు గోక్కున్నాడు. ఇంకొకాయన ఎగరటం మొదలుపెట్టాడు.

“అయ్యగారూ, మండుతాందేందయ్యా?”

పంతులు కళ్లు తెరవలేకపోతున్నాడు. “సముద్రం గద… ఉప్పుంటది,” అన్నాడు.

“నేను బందరుల చేసిన సముద్రస్నానం. గింత మండలే,” అన్నది ఒక ముసలమ్మ, మోచేతులు ఊదుకుంటూ.

“బందరుది పల్చటి సముద్రం,” అన్నాడు సేటు గర్వంగా, చెవుల నుంచి నీళ్లు కారుతుండగా.

అవ్వ గంగాళం జోలికి పోలేదు. బావి దగ్గర నాలుగు బిందెలు పోసుకుని, కట్టుకోవడానికి మడిబట్ట లేక తడిచీరతోనే ఎండలో నిలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎన్నడూ గ్రహణం మాట ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను.

చేపలన్నీ బతికాయి. ఒక పగడపు రాయి మాత్రం జిగట కారి తెల్లబడిపోయింది. మిగిలినవి కొన్నాళ్లు ముడుచుకుని ఉండి, ఒక పొద్దున నేను వెళ్లేసరికి నోళ్లన్నీ తెరిచి ఉన్నాయి. హమాలీ నాకంటే ముందే చూసి, “నేన్జెప్పలే, ఫికర్ చెయ్యద్దని,” అన్నాడు. నేను మానేశాక ఆ సముద్రం ఇంకో ఎండాకాలం దాటలేదు. కరెంటు కోతల్లో పోయింది. ఇప్పుడు ఆ తొట్టిలో విత్తనాల మిర్చి పోసుకుంటున్నారట.

చెల్లెళ్లూ, చదువు భయాన్ని పోగొడుతుందని మనకు చెబుతారు. నా అనుభవంలో అది భయపడకూడని కారణాలను మాత్రం వివరంగా చెబుతుంది. ఆ తర్వాతి నాలుగు నెలలు నేను మంచినీళ్లు తాగినా, మెట్లు దిగినా ఒక్కటే అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు. నేను ఎమ్మెస్సీ కదా.

మృగశిర వానలు మొదలైన వారంలో దవాఖానలో పెద్దవాడు పుట్టాడు. నర్సు చేతుల్లో ఉండగానే చూశాను, ఆడా మగా అని కాదు, పై పెదవి. నిండుగా, ఒక్కటిగా ఉంది.

సాయంత్రం అవ్వ వచ్చింది. పురుటి మైల ఉన్న చోటికి, దవాఖానకు, ఎన్నడూ రాని మనిషి రిక్షాలో వచ్చింది. నన్ను పలకరించలేదు. వాడి మీది గుడ్డ తీసి వేళ్లు చూసింది, చెవులు చూసింది, బొటనవేలితో పై పెదవి మెల్లగా తడిమింది. వాడు ఆవులించాడు. నోరంతా ఒంగి చూసి, వచ్చి నా మంచం పక్క స్టూలు మీద కూలబడింది.

“గానాడు నీకు భయం లేకుండెనా బిడ్డా?”

“ఉండె అవ్వా.”

“మరి చెప్పవైతివి. నువ్వు ధైర్యంగ లేస్తె, నేను ఆపకపోతి. నిన్ను నాకు అప్పజెప్పి పోయిండ్రు. ఆపకపోతినే అని, గానాటి సంది రాత్రిపూట మెతుకు ముట్టలే.”

తల్లి రాత్రిపూట తినడం లేదని, అరగడం లేదేమోనని సేటు డాక్టర్ల చుట్టూ తిరగడం నాకు తెలుసు.

అవ్వ చూపు నా పక్కనున్న పళ్లెం మీద పడింది.

“అదేంది?”

“దవాఖాన బ్రెడ్డు అవ్వా. మీరు తినరు.”

“ఎవ్వలు జెప్పిండ్రు నీకు? ఇటు తే.”

తన వంటింట్లో తను మడితో తోడిన నీళ్లు తప్ప బయట చుక్క ముట్టని అవ్వ, ఆ ప్రసూతి వార్డులో, అందరూ చూస్తుండగా, ఎవరు చేశారో తెలియని ఆ బ్రెడ్డును నా పాలగ్లాసులో ముంచుకుని మొత్తం తిన్నది. గ్లాసు అడుగున మిగిలిన పాలు కూడా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“ఇంకోటి ఇస్తరా వీళ్లు?”

నర్సును పిలిచి తెప్పించాను.